పూర్వుల చరిత్రయు కథారచనయు



నేఁడు నేను ముచ్చటింపఁబూనిన విషయము చరిత్రకును కథకును నడుమ నున్నది. మన సీమలో తాతముత్తాతలను గూర్చిన కథ యొకటైనను లేని యిల్లరుదు. ఒకరి యింట ముత్తాత కనుమలో పులిని చంపినాఁడందురు. మఱియొకరి యింట పూర్వులు మరాఠా దండును నిలువరించినారందురు. ఇంకొకరి యింట పాలెగాని కచ్చేరిలో తలవంపక నిలిచిన యవ్వను గూర్చి చెప్పుదురు. ఈ మాటలను ఆధారముగాఁ గొని కథలును నవలలును వ్రాయవలెనను కోరిక ఇప్పటి యువకులలోఁ గొందఱికిఁ గలుగుచున్నది. మంచి కోరికయే. అయినను వారు వ్రాయఁబోవు కథకు ముడిసరుకు మీ జ్ఞాపకములోనే యున్నది గనుక, దాని మంచిచెడ్డలను మొదట మీతోనే విచారించుట న్యాయమని తోఁచినది.

కథ పుట్టుటకు మన పాకాల ప్రాంతము ఎంత అనువైన చోటో ముందు చూతము. పాకాల యనఁగానే మన కందఱకును రైలు జంక్షను జ్ఞప్తికి వచ్చును. ధర్మవరము త్రోవయు, తిరుపతి కాట్పాడి త్రోవయు ఇచటఁ గలిసికొనును. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో నుండిన యీ యూరు 2022 నుండి తిరుపతి జిల్లాలోఁ జేరినది. ఈ కలెక్టరు కచ్చేరీల సరిహద్దులు నిన్న మొన్నటివి. వీనికి చాల పూర్వము ఇచట మఱియొక గొప్ప సరిహద్దుండెను. పడమట కొండలమీఁది మెట్టసీమ. తూర్పున కర్ణాటకపు పల్లపు సీమ. ఈ రెంటికిని నడుమ కనుమలు. మీఁది సీమకు గుఱ్ఱముకొండ దుర్గము కాపు. క్రింది సీమకు ఆర్కాటు నవాబు ప్రభువు. మీఁది ప్రభుత్వము కడప నవాబులది, మైసూరు సుల్తానులది, 1792 తరువాత నైజాముది, 1800లో కుంపిణీవారిది అయినది. క్రింది సీమ 1801లో కుంపిణీవారి చేతఁ జిక్కినది. ఒక్క మనుష్యుఁడు తన జీవితకాలములో ఊరు విడువకుండనే ముగ్గురు నలుగురు ప్రభువుల కాలము చూడఁగలిగిన సీమ యిది. తెలుఁగు, అరవము, కన్నడము, తురక మాట, మహారాష్ట్రము అన్నియు ఒక్క సంతలో వినఁబడెడివి. ఇటువంటి సీమలో మనుష్యుఁడు ప్రతిదినమును ఎవరి పక్షమున నుండవలెనో తేల్చుకొనవలసి వచ్చును. కథకు ప్రాణము పోయునది ఆ తేల్చుకొనుటయే.

ఒక్క యుదాహరణము చెప్పెదను. పాకాలకు సమీపమున నున్న దామలచెఱువు నేఁడు మామిడికాయల మండీలకుఁ బేరొందినది. 1740 మే నెలలో అచటి కనుమ రణభూమి యయ్యెను. రఘూజీ భోంస్లే నాయకత్వమున మరాఠా గుఱ్ఱపుదండు కర్ణాటకము మీఁదికి దిగి వచ్చుచుండఁగా, ఆర్కాటు నవాబు దోస్తు అలీ ఖానుఁడు ఆ కనుమను కాచి నిలిచెను. మరాఠాలు ఎదురుగా రాలేదు. కొంతదూరమున మఱియొక దారి యుండెను. ఆ దారిని కాచుచున్న హిందూ నాయకుఁ డొకఁడు వారికి త్రోవ విడిచెనని ఆంగ్ల చరిత్రకారుఁడు ఆర్మ్ వ్రాసియున్నాఁడు. దండు వెనుకనుండి వచ్చి పడినది. నవాబును, ఆయన కొడుకు హసన్ అలీయును అచటనే కూలిరి. పిమ్మట నవాబయిన సఫ్దర్ అలీ, కోటి రూపాయలు వాయిదాలమీఁదఁ జెల్లింతునని మరాఠాలతో నొడఁబడవలసి వచ్చినది.

ఇందులో కథకునికిఁ బనికివచ్చు నంశ మేది? నవాబు మరణమని కొందఱందురు. నా కట్లు తోఁపదు. ఆ రాత్రి రెండవ దారిని కాచుచుండిన నాయకుని మనస్సులో నేమున్నది? నవాబు అమల్దారులు తన పాళెముమీఁద వేసిన పేష్కషు భారమా? మరాఠాలు చూపిన ఆశయా? వేలకొలఁది గుఱ్ఱములను చూచి కలిగిన భయమా? చరిత్ర ఇచట మౌనము వహించినది. చరిత్ర నోరు మూసికొన్నచోట కథకుఁడు నోరు తెఱువవచ్చును. ఆ నాయకుని భార్యతోను, తలారితోను, గుఱ్ఱపువానితోను మాటలాడింపవచ్చును. కాని యొక సంగతి మఱవరాదు. ఆ కోటి రూపాయలు నవాబు తన బొక్కసమునుండి తీసి యిచ్చినను, కడకు అది కాఁపు గాదెనుండియే రావలసినది. కథకునికి మనుష్యుల హేతువులను కల్పించు స్వేచ్ఛ కలదు. వారి చేఁతల ఫలితములను మఱుఁగుపఱచు స్వేచ్ఛ లేదు. నేను చెప్పఁదలఁచిన ముఖ్యమైన మాట యిదియే. తక్కినవన్నియు దీనికి వివరణములే.

ఇఁక పాలెగాండ్ర సంగతి. విజయనగర ప్రభువుల కాలమునుండియు అడవులను, కనుమలను, బాటలను కాపాడుటకై నాయకులకు గ్రామములిచ్చి, వారిచే కట్టుబడి బంట్రోతులను పెట్టించుట మన దేశమున ఆచారమయ్యెను. బాటసారి సొమ్ము పోయినచో దొంగను పట్టి యియ్యవలెను; పట్టలేకున్నచో ఆ నష్టమును తామే పూడ్చవలెను. దానికై వారు కావలి రుసుములు పుచ్చుకొనెడివారు. పై ప్రభుత్వము గట్టిగా నున్నప్పుడు వీరు కావలివారు. అది సడలినప్పుడు వీరే రాజులు. కావలి రుసుమే అప్పుడు దోపిడిగా మాఱెడిది. మన ప్రాంతమున కల్లూరు, పులిచెర్ల, మొగరాల, బంగారుపాళెము, పాకాల మొదలైన పాళెము లట్టివి. 1801లో ఆర్కాటు సీమ కుంపిణీ పాలయిన పిమ్మట, కావలి హక్కులకును, ఆయుధములకును, పేష్కషునకును సంబంధించిన తగవులు పెరిగి, 1804, 1805 సంవత్సరములలో చిత్తూరు పాళెములలో తిరుగుబాటు చెలరేఁగెను. కుంపిణీ సైన్యము అడవులలోఁ జొచ్చి దానిని అణఁచివేసినది. కనుమలమీఁది దత్తమండలములలో 1800 మొదలు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో దొర ఎనుబదిమంది పాలెగాండ్ర బలము నణఁచినాఁడు. ఆ కుటుంబములవారును, వారి కడ కొలువుచేసిన కట్టుబడివారును నాఁగలి పట్టిరి, లేదా ఫించనులతో కాలము గడపిరి. మనలో ననేకులు వారి సంతతియే.

పూర్వుల ప్రతాపమును వ్రాయించుకొనుట మనకుఁ గ్రొత్తగాదు. వెంకటగిరి ప్రభువుల పూర్వులను గూర్చిన వెలుగోటివారి వంశావళిని నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపఁగా 1939లో మదరాసు విశ్వవిద్యాలయమువారు ప్రకటించినారు. చంద్రగిరి నుండి యేలిన అరవీటివారి వంశమును వర్ణించి అందుగుల వెంకయ్య కావ్యము చెప్పినాఁడు. కాళహస్తి దామెరవారు 1639లో ఆంగ్లేయులకు సముద్రపు టొడ్డున తావిచ్చినప్పుడు, ఆ క్రొత్త పట్టణము తమ తండ్రి చెన్నప్ప పేర వెలయునట్లు చేసిరి. చెన్నపట్టణమన్న పేరే యొక పితృభక్తికి గుఱుతు. అయితే వంశావళి వ్రాయించువాఁడు ధనమిచ్చువాఁడు. కవి దానికిఁ దగినట్లే వ్రాయును. అందులో ఓటమి కనఁబడదు. కనఁబడినను దైవవశమని యుండును. రైతు మాట అసలే వినఁబడదు.

మన కాలమునకు దగ్గఱ వచ్చిన రచయితలను జూతము. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు టాడు దొర గ్రంథము నాధారముచేసికొని రాజస్థాన కథావళి వ్రాసిరి. దానిని చదివిన తెలుఁగు బాలురకు రాజపుత్రుల చిత్తూరు పరిచితమైనది. తమ చిత్తూరు కనుమలు మాత్రము అపరిచితములుగానే యుండిపోయినవి. ఇది ఆయన తప్పు కాదు. రాజస్థానమునకు టాడు దొరికినాఁడు. మన కనుమల కథలను అట్లు గ్రుచ్చి యెత్తినవారు లేరయిరి. ఈ లోపమును కొంత పూరించినవారు పుట్టపర్తి నారాయణాచార్యులు గారు (1914–1990). ఆయన విజయనగర రాజులకు గురుస్థానమున నుండిన తాతాచార్యుల వంశమువారు. బాల్యమున పెనుగొండ శిథిలముల నడుమ తిరిగి, చిన్నతనముననే పెనుగొండలక్ష్మి యను కావ్యము చెప్పిరి. కూలిన కోటను జూచి కన్నీరు పెట్టుటకు ఆయనకు వంశపు హక్కుండెను. ఆయన హృదయము మాత్రము తన వంశముతో నాఁగక ఒక రాజ్యమంతటిని దుఃఖించినది. పూర్వుల గుఱించి వ్రాయువారు గ్రహింపవలసిన మొదటి పాఠమిది.

రెండవ పాఠము సముద్రముల కావలిది. ఇంగ్లండునకును స్కాట్లండునకును నడుమ నొక సరిహద్దు సీమ కలదు. అదియు మన కనుమలవంటిదే. అచటి దొరలు ఒకరి పసులను మఱియొకరు తోలుకొని పోవుచు బ్రదికెడివారు. వాల్టరు స్కాటు (1771–1832) అట్టి కుటుంబమున జనించినవాఁడు. ఆయన మొదట నవల వ్రాయలేదు. పల్లెపల్లె తిరిగి ముసలివారి నోటఁ బాటలు సేకరించి 1802లో ప్రకటించెను. 1805లో కావ్యము వ్రాసి అందులో తన పూర్వుఁడైన హార్డెన్ వాట్ అను సరిహద్దు వీరుని నిలిపెను. నవలలు 1814 తరువాతనే. ఆ పూర్వుని గుఱించి ఆ వంశమున నొక కథ చెప్పుకొనెడివారు. ఇంట మాంసము నిండుకొన్న దినమున ఇల్లాలు మూఁత వేసిన పళ్లెము తెచ్చి పెట్టెడిదఁట. మూఁత తీసినచో దానిలో గుఱ్ఱమును పొడుచుటకు మడమలకుఁ గట్టుకొను ఇనుప ముండ్లు! అనఁగా, లేచి పోయి ఎవరి పసులనైనఁ దోలుకొని రమ్మని యర్థము. స్కాటు ఈ కథను దాఁపలేదు. తన తాత దొంగపసులు తోలినవాఁడని నవ్వుచుఁ జెప్పుకొన్నాఁడు. అట్లు చెప్పుటవలన ఆయన వంశమునకు గౌరవము తగ్గలేదు; చదువరులకు ఆయన మీఁద నమ్మకము పెరిగినది.

మన వారి కథలకు మూలము లెచ్చట నున్నవి? మొదట కైఫియత్తులు. కల్నలు మెకంజీ (1754–1821) కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను తెలుఁగు సోదరుల సాయమున గ్రామగ్రామమునను కరణముల కవిలెలను, స్థలపురాణములను, పాలెగాండ్ర వంశచరిత్రలను వ్రాయించెను. బ్రౌను దొర వానికి ప్రతులు తీయించెను. కడప జిల్లా కైఫియత్తులు ఇప్పుడు అచ్చులో లభించుచున్నవి. రెండవది, 1858లో ఏర్పడిన ఇనాము కమిషనువారి దస్త్రములు. ఏ యినాము ఎవరికి, ఏ సేవకై, ఎవరిచ్చిరో అందుఁ దెలియును. మూఁడవది వీరగల్లు. మీ పొలిమేరలో కత్తి పట్టిన మనిషి చెక్కియున్న ఱాయి గలదేమో చూడుఁడు. దానిని కల్లపుఱాళ్లలో కలుపకుఁడు. నాలుగవది పాట.

పాట యొక్కటియే చాలదనియు, దస్త్రమొక్కటియే చాలదనియు తెలియుటకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వృత్తాంతము సాక్షి. 1846లో ఆయన తిరుగఁబడెను; 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయఁబడెను. కుంపిణీ దస్త్రములో ఆయన నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల ఫించనుదారుఁడు. జనుల పాటలో రేనాటి సింహము. దస్త్రము ఆయన ఆకలిని, అవమానమును లెక్కగట్టినది. పాట ఆయన తెగువను నిలిపినది. రెండును గలిసినఁగాని మనుష్యుఁడు కనఁబడఁడు.

ఇఁక మన సీమలోనే పాలెగానిపై వేఱొక తీర్పు గలదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మీ రెఱుఁగుదురు. ఆఁడువారిని చెఱపట్టు పాలెగాఁ డొకఁడు గంగమ్మను జూచి చేయి సాఁచెనఁట. ఆమె యుగ్రరూపము చూపఁగా వాఁడు పాఱిపోయి దాఁగుకొనెను. వానిని వెదకుచు ఆమె బైరాగి, తోటి మొదలైన వేషములు వేసెను. కడపట దొరవేషము వేయఁగా, దొర వచ్చినాఁడని నమ్మి వాఁడు వెలికి వచ్చెను. ఆమె తల నఱికెను. నేఁటికిని జాతరలో మనవారు ఆ వేషములు వేయుచున్నారు. చూడుఁడు, వంశావళిలో పాలెగాఁడు ధర్మప్రభువు. జాతరలో తల తెగిన దుర్మార్గుఁడు. జాతర వ్రాయించినవాఁ డెవఁడును లేఁడు. కూలివాఁడును, చాకలియు, కాఁపు కోడలును కలిసి తరతరములుగా నిలిపిన తీర్పది. పాలెగాని వంశమునఁ బుట్టినవాఁడు కథ వ్రాయఁబూనినచో, ఆ జాతరను ఎదురుగా నుంచుకొని వ్రాయవలెను. దానినుండి తప్పించుకొని వ్రాసినది వంశావళి యగును గాని నవల కాదు.

పాలెగాండ్ర సంతతికి మాత్రమే ఈ కష్టమని తలఁపరాదు. మా పూర్వులు గ్రామ కరణములు. హైదరు దండు వచ్చినప్పుడు మా పూర్వుఁ డొకఁడు తన యింటి ధాన్యమును విడిచి, కవిలె కట్టలను మాత్రము గుడి పాఁతరలో దాఁచెనని మా యింటి కథ. లెక్కలు పోయినచో వచ్చిన ప్రతివాఁడును రైతుమీఁద ఇష్టము వచ్చినంత పన్ను వేయునని ఆయన తలఁచెనఁట. ఈ కథను మా నాయనమ్మ కన్నీటితోఁ జెప్పెడిది. నేను ఉపాధ్యాయుఁడనై పొరుగూర నున్నప్పుడు అచటి కాఁపు పెద్ద యొకరు, నేనెవరి సంతతియో యెఱుఁగక, అదే కథను మఱియొక విధముగాఁ జెప్పిరి. కరణము కవిలెలను దాఁచినది నిజమే. దండు పోయిన పిమ్మట ఎవరి పొలమెంతయో తానొక్కఁడే చెప్పఁగలవాఁడై, ఊరు విడిచి పోయినవారి చేలకు కొన్నింటికి క్రొత్త పేరులు వ్రాసినాఁడని వారి మాట. గుడి ఒక్కటే, పాఁతర ఒక్కటే, కట్టలు నవియే. రెండిండ్ల కన్నీళ్లు వేఱు.

ఈ రెంటిలో ఏది నిజము? కవిలె లిప్పుడు లేవు. తీర్పు చెప్పువారును లేరు. మా యింటి మాటను మాత్రమే వ్రాసినచో మా వంశమునకు శోభ. పొరుగింటి మాటను మాత్రమే వ్రాసినచో ధైర్యశాలినని నాకుఁ బేరు. రెండును సులభమే. కష్టమైన పని, ఆ రెండు పనులను జేయఁగల యొక్క మనుష్యుని కల్పించుట. రైతును రక్షింపవలెనని రాత్రి కట్టలు మోసినవాఁడే, ఆఱునెలల పిమ్మట ఆకలిగొన్న పిల్లలను జూచి, యజమాని లేని మడిమీఁద గంటము పెట్టియుండవచ్చును. అట్టివాఁడు మనకుఁ దెలియనివాఁడా? నేఁటికిని మన యూళ్లలో నున్నాఁడు. పూర్వుఁడు అట్టి మనుష్యుఁడుగాఁ గనఁబడినప్పుడు మాత్రమే ఆయన మీఁద నిజమైన ప్రేమ కలుగును. రాతి విగ్రహమునకు దండము పెట్టుదుము. బంధువును జూచి కంటఁ దడి పెట్టుదుము.

వ్రాయువారికిఁ గొన్ని మెలకువలు చెప్పి ముగించెదను. కాలవైరుద్ధ్యము రానీయరాదు. 1740 నాఁటి కాఁపు తన చేలో వేరుసెనగ పెఱుకుచున్నాఁడని వ్రాసినచో కథ అచటనే కూలును. ఆ పంట మన సీమలో విరివిగా వ్యాపించినది బహుకాలము తరువాత. రాగిసంకటి, కొఱ్ఱకూడు, నువ్వులనూనె, ఆముదపు దీపము, వరహా, రూక, తాటియాకు, గంటము ఇవి ఆ కాలపువి. హైదరు 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేటలో మరణించెను. 1783లో ఆయనచే మాటలాడింపరాదు. నిజముగా నుండిన ప్రభువుచే అతఁడు చేయని ఘోరము చేయింపరాదు. తురకదొర యనఁగానే క్రూరుఁడు, మనదొర యనఁగానే దయాళువు అను వ్రాఁత చరిత్రకు ద్రోహము. దామలచెఱువు కనుమలో హిందూ నాయకుఁడు నవాబు కొలువులో నుండెను, హిందూ దండే ఆ నవాబుపైకి వచ్చెను. మతమునుబట్టి ఆ నాఁటి పక్షములు తేలవు. కడపటి మాట, పుస్తకము మొదటనే ఇది కల్పితకథ యని స్పష్టముగాఁ జెప్పవలెను. లేనిచో మూఁడు తరముల తరువాత ఆ కల్పననే సాక్ష్యముగాఁ జూపి పొలిమేర తగవులాడువారు బయలుదేఱుదురు.

వృద్ధులారా, ఈ పనిలో మీ వంతు పెద్దది. మీ మనుమలు అడిగినప్పుడు కథను మెఱుఁగుపెట్టి చెప్పకుఁడు. మీరు విన్నది విన్నట్లు చెప్పుఁడు. ఎవరి నోట వింటిరో, వారు మీకేమగుదురో, ఏ యూర వింటిరో అదియుఁ జెప్పుఁడు. పొరుగువీథివారు అదే కథను వేఱుగాఁ జెప్పుదురేని, పిల్లవానిని వారియింటికిఁ గూడఁ బంపుఁడు. మీ మాటలలో వంశమునకుఁ దలవంపు తెచ్చునది యున్నను దాఁచకుఁడు. అది లేక మిగిలినది నిలువదు. కాగితముమీఁద వ్రాయించి, తేదీ వేయించి, భద్రపఱపించుఁడు. పాళెములు పోయినవి, కోటలు కూలినవి, కవిలెలు చెదలపాలైనవి. మీ నోట నున్న మాట మాత్రము ఇంకను మిగిలియున్నది. అది మీతో పోకుండఁ జేయుట మీ చేతిలోని పని.